సుభద్రమ్మగారి బాల్చీ

ఆ శనివారం మధ్యాహ్నం కింది ఇంటి కప్పులోంచి నీళ్లు కారడానికి కారణం సుభద్రమ్మగారు కాదు, నేను. ఈ చిన్న మాట చెప్పడానికి నాకు పాతికేళ్లు పట్టింది. ఈలోగా ఆ సంగతి మా స్నేహితుల ఇళ్లలో ఒక హాస్యకథగా మారింది. ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా, గృహప్రవేశం జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు “రఘూ, మీ అమ్మగారు బిల్డింగ్ ముంచిన కథ చెప్పు” అనేవారు. అప్పటి నా రూమ్మేట్ రఘు చెప్పేవాడు, అందరూ నవ్వేవారు. సుభద్రమ్మగారు అక్కడే ఉంటే మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేవారు: “నేను కాదు.” ఆ మాటకు ఇంకా నవ్వేవారు. నేనూ నవ్వాను. నా నవ్వు మిగతావాళ్ల నవ్వుకంటే కొంచెం ముందే మొదలయ్యేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈమధ్య మా అమ్మాయి మేఘన వీడియో కాల్ చేసింది. తను కాలేజీలో భాషాశాస్త్రం చదువుతోంది. ఈ వేసవిలో ఏదో ఇంటర్న్‌షిప్ దొరికి శాంటా క్లారాలో రఘు వాళ్లింట్లో ఉంది. అమెరికాలో మేము ఉండేది దేశానికి ఇవతలి చివర, అల్ఫారెట్టాలో. ఫోన్‌ని ఒక స్టీలు బాల్చీ దగ్గరగా పెట్టి, “నాన్నా, దీని మీద డాట్స్‌తో ఏదో రాసుంది, చదువు” అంది. చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: ఎ. సుభద్రమ్మ, బందరు. సన్నీవేల్‌లో పాతికేళ్ల కిందట మా కింద ఇంట్లో ఉండే కార్మిన్యా అనే పెద్దావిడ పోయారట. ఆవిడ మనవడు ఇల్లు ఖాళీ చేస్తూ, ఇది మీ నానమ్మగారిదేనంటూ రఘు కొడుక్కి తెచ్చి ఇచ్చాడట. మేఘన నవ్వుతూ, “దిస్ ఈజ్ ద బకెట్, రైట్? బందరు నానమ్మ ఫ్లడ్ చేసిన స్టోరీ? నేను మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్పాను, దే లవ్డ్ ఇట్” అంది. నేను దాచిపెట్టిన నిజం నా కూతురి నోట అబద్ధమై, ఆ నిజం ఏనాడూ తెలియని పిల్లలకు చేరింది. ఆ రాత్రి భోజనం చేస్తూ మా ఆవిడకు మొదటిసారి అసలు సంగతి చెప్పాను. ఆవిడ కంచం పక్కకు జరిపి అంతా వింది. చివరికి “టికెట్ బుక్ చేయండి” అంది.

సన్నీవేల్‌లో ఆ రోజుల్లో మేము నలుగురం కుర్రాళ్లం, రెండు పడకగదుల అపార్ట్‌మెంట్, ఒకే బాత్‌రూమ్. మాది రెండో అంతస్తు. నేను అందరికంటే ఏడాది ముందు వచ్చాను కాబట్టి ఇంటికి పెద్దని. ఎవరు కొత్తగా దిగినా సామాను లోపల పెట్టగానే బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి పాఠం చెప్పేవాణ్ని. “ఇగో చూడు, ఇక్కడ తూము లేదు. నేల మీద చుక్క పడొద్దు. కర్టెన్ టబ్బు లోపలికి వెయ్యాలె, బయటికి కాదు. మగ్గు, బకీటు అన్నీ మరిచిపో.” కరీంనగర్ వైపు మా ఇంట్లో దాన్ని బకీటు అనేవాళ్లం. మిగతా ముగ్గురూ కృష్ణా జిల్లా వాళ్లు, వాళ్లకు అది బాల్చీ. నా పాఠం విని నాకు ‘బాత్‌రూమ్ మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు లోపల్లోపల ఎంతో బాగుండేది. ఆఫీసులో నేను ఎవరికీ ఏమీ కాను. ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందో, వీసా సంగతి ఏమవుతుందో తెలియని మనిషిని. ఆ ఇంట్లో మాత్రం అమెరికా తెలిసినవాణ్ని.

రఘు వాళ్ల అమ్మగారు ఆర్నెల్లు ఉండి వెళ్లడానికి బందరు నుంచి వచ్చినప్పుడు ఆవిడకు ఒక గది ఇచ్చి, మేము నలుగురం రెండో గదిలోనూ హాల్లోనూ సర్దుకున్నాం. ఎయిర్‌పోర్టులో ఆవిడ సామాను చూసి నేను తలపట్టుకున్నాను. ఇంటికొచ్చి అట్టపెట్టె విప్పితే స్టీలు బాల్చీ, దాని నిండా పాత చీరల్లో చుట్టిన ఆవకాయ, గోంగూర, సున్నిపిండి, కుంకుడుకాయల పొడి, మినపవడియాలు. “ఖాళీగా తేవడం ఎందుకని నింపుకొచ్చా” అన్నారు. “అమ్మా, ఇక్కడ షవర్ ఉంటదమ్మా” అన్నాను. “ఉండనీ నాయనా. దాని పని దానిది, నా పని నాది” అన్నారు.

ఆవిడ వచ్చాక ఆ ఇంటికి వేళలు ఏర్పడ్డాయి. తెల్లవారేసరికి బాల్చీలో నీళ్లు పడుతున్న చప్పుడు. ముందు అడుగున పడే గలగల, నిండేకొద్దీ అది మెత్తబడేది. ఆ చప్పుడుకే మేము లేచేవాళ్లం, అలారం అక్కర్లేకపోయింది. తర్వాత డికాక్షన్ వాసన, ఇంగువ పోపు, పొగ వస్తే మోగే అలారం కింద నిలబడి తువ్వాలు ఊపే రఘు. శుక్రవారం ఆవిడ తలంటు, శనివారం మా నలుగురికీ. ఒక్కొక్కణ్నీ వంటింట్లో పీట లేదు కనక అట్టపెట్టె మీద కూర్చోబెట్టి మాడున నువ్వులనూనె తట్టేవారు. “మీ మాస్టారికి కూడా పెట్టండమ్మా, ఆయనకు అమెరికా తలకెక్కింది” అని మావాళ్లు ఎగతాళి చేసేవారు. “ఎక్కితే దిగుతుందిలే, నూనె దేనికి ఉంది” అనేవారు ఆవిడ. అంత పెద్ద చదువులు చదివినవాళ్లం, జుట్టు చిందరవందరగా, జిడ్డు కారుతూ వరసలో నిలబడేవాళ్లం. ఆ ఇంట్లో బతికిన రోజులంటే నాకు ఇప్పటికీ గర్వమే.

మొదటి ఆదివారమే గొడవ అయింది. ఆవిడ బాల్చీలో నీళ్లు తెచ్చి బాల్కనీ మీద గుమ్మరించి, చీపురుతో కడిగారు. వాకిలి కడగకుండా పొద్దు ఎలా మొదలవుతుందని ఆవిడ ఉద్దేశం. ఆ నీళ్లు చెక్కల సందుల్లోంచి కింద కార్మిన్యాగారి కుండీల మీద, ఆవిడ భర్త మనువేల్‌గారి పేపరు మీద పడ్డాయి. నేను కంగారుగా కిందికి దిగేసరికి ఆయన తడిసిన పేపరు దులుపుకుంటున్నారు. కార్మిన్యాగారు మాత్రం తల పైకెత్తి, చీపురు పట్టుకున్న సుభద్రమ్మగారిని చూసి పకపక నవ్వుతున్నారు. ఆవిడ స్పెయిన్‌లో గలీసియా అనే తీరప్రాంతం మనిషి. ఆయన పోర్చుగీసు దీవుల నుంచి వచ్చినవాడు. ఆవిడ తండ్రి చేపల పడవ మీద పనిచేసేవాడట, సాయంత్రం ఒడ్డుకు రాగానే బాల్చీల కొద్దీ నీళ్లు గుమ్మరించి పడవ కడిగేవాడట. “బాల్దెయార్! మా నాన్న చేసేది ఇదే” అన్నారు. మళ్లీ పైకి చూస్తూ, వేలితో బాల్చీని చూపించి, “బాల్దె” అన్నారు. పైనుంచి సుభద్రమ్మగారు ఏమాత్రం తడుముకోకుండా “ఆ, బాల్చీ” అన్నారు. కింది ఆవిడ “బాల్దె” అన్నారు. పై ఆవిడ, చిన్నపిల్లకు మాట నేర్పుతున్నట్టు, “దె కాదమ్మా, చీ. బాల్‌చీ” అన్నారు. నేను మధ్యలో నిలబడ్డాను, అనువాదం చేయాల్సింది ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. షవర్ కింద ఏడాదికి పైగా నిలబడ్డాను కానీ, ఒక్కనాడూ స్నానం చేసినట్టు అనిపించలేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి ఆవిడ బాల్చీ నింపుకుని, టబ్బులో ఇరుకుగా ఉందని బయట నేల మీద గొంతుక్కూర్చుని, చెంబుతో నెత్తిన పోసుకున్నాను. చుట్టూ తువ్వాళ్లు పరిచాను, తర్వాత ఒత్తి తుడిచాను. వీపు మీద అంత నీరు ఒక్కసారిగా పడటం ఎలా ఉంటుందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారమూ అదే పని. రఘు వాళ్లమ్మగారిని గుడికి, సరుకులకు తీసుకెళ్లేవాడు. మిగతా ఇద్దరూ బట్టలు ఉతకడానికి వెళ్లేవారు. నేను తలుపు గడియ వేసుకునేవాణ్ని. అందరికీ పాఠం చెప్పే మనిషిని, తూము లేని నేల మీద కూర్చుని ఒక బాల్చీ చాలక రెండోది పట్టుకునేవాణ్ని.

ఆ శనివారం కుంకుడు నురగ వదలక మూడోది కూడా పట్టినట్టున్నాను. అందరూ తిరిగొచ్చి అన్నాలు తింటుండగా తలుపు తట్టారు. అపార్ట్‌మెంట్‌లో మరమ్మతులు చూసే రమోన్, అతని వెనక మనువేల్‌గారు. వాళ్ల బాత్‌రూమ్ కప్పు తడిసి, ఒక పెళ్ల ఊడి పడిందట. రమోన్ నికరాగ్వా మనిషి, నెమ్మదస్తుడు. మా బాత్‌రూమ్‌లోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని గోడవార నొక్కి చూశాడు. టబ్బులో ఉన్న బాల్చీని పైకెత్తాడు. “బాల్దే” అన్నాడు నిట్టూర్చి. మనువేల్‌గారు చివరి అక్షరం మింగేసి “బాల్ద్” అని తల ఊపారు. గుమ్మంలో నిలబడిన సుభద్రమ్మగారు “అవును, బాల్చీయే, నాదే” అన్నారు. అప్పుడు అందరి కళ్లూ ఆవిడ మీద పడ్డాయి.

రఘు మొహం ఎర్రబడింది. “ఎన్నిసార్లు చెప్పానమ్మా! టబ్బులో కూర్చుని పోసుకోమన్నానా లేదా?”

“టబ్బులోనే కూర్చున్నాను రా. చుక్క బయట పడలేదు.”

“మరి నీళ్లు గాల్లోంచి వచ్చాయా?”

“నాకేం తెలుసు? నేను మాత్రం కాదు.”

“మొన్న బాల్కనీ కూడా నువ్వు కాదుగా?”

“బాల్కనీ నేనే. కడిగానా అంటే కడిగాననే చెప్పాను. చేసింది చేశానని చెప్పడానికి నాకేం భయం? ఇది నేను కాదు. నా మాట నీకు చాలదూ?”

రఘు రమోన్ వైపు తిరిగి ‘సారీ’ చెప్పాడు. చాలదని దానికి అర్థం. అది ఆవిడకు తెలిసింది, నాకూ తెలిసింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బాత్‌రూమ్ మాస్టారిని ఎవరు అనుమానిస్తారు? అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, కంచంలో చెయ్యి పెట్టుకుని ఊరుకుంటే సరిపోయింది. పైగా రమోన్ వెళ్లాక, “పెద్దావిడ కదా, పోనీలే రఘూ” అని నేనే సర్దిచెప్పాను. నేను చేసిన పనులన్నిట్లోకీ నన్ను ఇప్పటికీ కోసేది ఆ ‘పోనీలే’.

ఆవిడ ఏడవలేదు, అలగలేదు. బాల్చీని లోపలా బయటా తోమి, తుడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి, కార్మిన్యాగారి తలుపు తట్టి ఆవిడ చేతిలో పెట్టారు. “మీ ఇంటికి నీళ్లొచ్చాయి, పట్టుకోండి” అన్నారు తెలుగులో. కార్మిన్యాగారు ఆవిణ్ని లోపలికి తీసుకెళ్లి, మనువేల్‌గారు తాగే ముదురు కాఫీ పోసి ఇచ్చారట. ఆ రోజు నుంచి మిగిలిన నెలలన్నీ సుభద్రమ్మగారు షవర్ కిందే నిలబడ్డారు. “వానలో తడిసినట్టుంది కానీ స్నానంలా లేదు” అనేవారు, అంతే. రోజూ సాయంత్రం కిందికి వెళ్లి కూర్చునేవారు. ఇద్దరూ ఆ బాల్చీతో కుండీలకు నీళ్లు పోసేవారు. కార్మిన్యాగారు ఏవో పెద్దాకుల కూర పెంచేవారు, ఈవిడ పక్కన ఒక మూల గోంగూర విత్తనాలు చల్లారు. ఒక్క మాట తప్ప ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆ ఒక్క మాట మీద పాతికేళ్లు స్నేహం చేశారు. తర్వాత ఆవిడ కొడుకు దగ్గరే ఉండిపోవడానికి వచ్చాక, నెలకోసారి రఘు చేత కారు డ్రైవ్ చేయించుకుని మరీ వెళ్లేవారని విన్నాను. ఆవిడ మాటను నమ్మిన ఇల్లు అదొక్కటే కాబోలు.

ఇవన్నీ తెలియకుండానే మేఘన ఆ బాల్చీ పేరు వెంట పడింది. వారం తిరిగేలోగా మళ్లీ ఫోన్ చేసి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. “నాన్నా, బాల్చీ మన వర్డ్ కాదు, తెలుసా? షిప్‌లో వచ్చింది! పోర్చుగీస్‌లో బాల్దె. హిందీలోకి బాల్టీ. మన దగ్గరికి వచ్చి బాల్చీ అయ్యింది.” గలీసియాలో బాల్దె ఉంది, దానితోపాటు కాల్దెయిరో అనే ఇంటి మాట కూడా ఉంది. స్పెయిన్‌లో ఇళ్లల్లో ఎక్కువగా కూబో అంటారట, బాల్దె అంటే ఓడలవాళ్ల మాట. సముద్రం దాటి రమోన్ వాళ్ల దేశం చేరాక మాత్రం అదే ఇంటి మాట అయింది. దాని నుంచే బాల్దెయార్, నీళ్లు గుమ్మరించి కడగడం. మరి ఆ మూడు యూరప్ భాషలకూ ముందు అదెక్కడిదని అడిగాను. “ఎవరికీ ష్యూర్‌గా తెలీదు. అందరూ గెస్ చేస్తున్నారు” అంది. అదే రూపంలో అరబ్బీ నుంచి వచ్చిన ఇంకో మాట ఉందట. దానితో గలీసియావాళ్లు ‘ఊరికే ఇచ్చింది’ అంటే, పోర్చుగీసువాళ్లు ‘వృథా అయింది’ అంటారట. దానికీ మన బాల్చీకీ చుట్టరికం లేదని కూడా జాగ్రత్తగా చెప్పింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే చెవులు మూసుకునే పిల్ల, ఒక బందరు మాట కోసం మూడు భాషల నిఘంటువులు తిరగేసింది. నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. “బందరు నానమ్మకి చెప్పాను. షీ సెడ్, ‘నాకు ముందే తెలుసు, కార్మిన్యాది మా వైపే’” అని నవ్వింది. ఆ గర్వంతో ఫోన్ పెట్టేశాక సిగ్గు వచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు మా అల్ఫారెట్టా ఇంట్లో బాత్‌రూమ్‌లు నాలుగు. ప్రతిదాంట్లో ఒక ప్లాస్టిక్ బకెట్, మగ్గు. ఇండియన్ స్టోర్‌లో గుమ్మం పక్కనే పేర్చి అమ్ముతారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు సిగ్గుపడకుండా కార్ట్‌లో వేసుకుంటుంటే చూస్తాను. వాళ్లకు పాఠం చెప్పే మాస్టార్లు అక్కర్లేదు, ఎవరి ముందూ అమెరికా తెలిసినట్టు నటించాల్సిన పనీ లేదు. అప్పట్లో మాకున్న ఒక్క బాత్‌రూమ్ ముందు నలుగురం తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడేవాళ్లం. లోపల ఉన్నవాణ్ని తిట్టేవాళ్లం, వంటింట్లోంచి ఆవిడ మమ్మల్ని తిట్టేవారు. ఇప్పుడు ఇన్ని తలుపుల వెనక ఎవరు ఎప్పుడు స్నానం చేస్తారో కూడా తెలియదు. బాల్చీ నిండుతున్న చప్పుడుకు నిద్ర లేచి ఎన్నేళ్లయిందో. మా అమ్మాయికి ఆ మాట పుట్టుక తెలుసు, ఆ చప్పుడు తెలియదు. నాకు చప్పుడు తెలిసినా పుట్టుక తెలియలేదు. సుభద్రమ్మగారికి రెండూ అక్కర్లేకపోయాయి.

పోయిన ఆదివారం రఘు వాళ్లింటికి వెళ్లాం. మా పాత మిత్రులు ఇద్దరూ కుటుంబాలతో వచ్చారు. బాల్చీ హాల్లో కిటికీ దగ్గర ఉంది, అందులో కరివేపాకు మొక్క పెట్టారు. సుభద్రమ్మగారు దాని పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎనభై దాటినా వీపు నిటారుగానే ఉంది. రఘు వంటింట్లో కాఫీ కలుపుతూ అక్కడినుంచే అరుస్తున్నాడు, “ఏరా మాస్టారూ, చూశావా, నేరానికి సాక్ష్యం తిరిగొచ్చింది!” అందరూ నవ్వారు. “నేను కాదు” అన్నారు ఆవిడ, మొక్క ఆకు తుంచుతూ, ఎప్పటిలాగే.

నేను వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కార్పెట్ మీద కూర్చున్నాను. ఇది ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలనుకుని వచ్చాను. కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. గొంతు తగ్గించి, “అమ్మా, మీరు కాదు. నేను” అన్నాను.

ఆవిడ ఆకు తుంచడం ఆపారు. “ఏవిటీ?”

“ఆ శనివారం మీరు గుడికి వెళ్లాక, మీ బాల్చీ తీసుకుని నేల మీద కూర్చుని నేను పోసుకున్నాను.”

“నువ్వా? కర్టెన్ లోపలికి వెయ్యమని నా ప్రాణం తీసిన నువ్వా?”

“నేనే అమ్మా.”

ఆవిడ నా మొహంలోకి చూశారు. చేతిలో ఆకు బాల్చీలో పడేశారు. తర్వాత వంటింటి వైపు చూశారు. అక్కడ రఘు స్పూనుతో గ్లాసులో టకటక తిప్పుతున్నాడు.

“లేచి నిలబడి మళ్లీ చెప్పు,” అన్నారు. “వాడికి వినపడలేదు.”

లేచాను. మేఘన ఫోన్ పక్కన పెట్టి నా వైపే చూస్తోంది. “రఘూ, అది అక్కడ పెట్టి ఇటు రా” అని పిలిచాను. చేతిలో గ్లాసుతోనే వచ్చాడు.

“ఆ రోజు కింది ఇంటికి నీళ్లు పోయింది మీ అమ్మగారి వల్ల కాదు రా. నా వల్ల. నేనే నేల మీద కూర్చుని పోసుకున్నాను. ఆవిడ నిజం చెబుతుంటే, నువ్వు నమ్మకుండా నిలబడితే, నేను అన్నం తింటూ విన్నాను. ఇన్నేళ్లూ మీతో కలిసి నవ్వాను. అమ్మా, తప్పు నాది. నన్ను క్షమించండి.”